ఒకే వైరస్, వేర్వేరు గమనాలు: హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 ఉన్న ఒక రోగి కేస్ స్టడీ

హెచ్‌ఐవీ సోకిన భార్యాభర్తలలో ఒకరు ఐదేళ్లు తిరగకుండానే మంచం పట్టడం, మరొకరు మందు బిళ్ల ముట్టకుండా పదేళ్లకు పైగా ఆరోగ్యంగా తిరగడం ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స) కేంద్రాల్లో పనిచేసేవారికి అరుదుగానైనా ఎదురయ్యే విషయమే. అటువంటి ఒక జంటలో భార్య వైద్య చరిత్రను ఇక్కడ వివరిస్తున్నాను. రోగుల గోప్యత దృష్ట్యా ఒకే తరహా కుటుంబాల వివరాలను కలిపి, ఊరూ వృత్తీ చెప్పకుండా రాశాను. ఆమెలో వ్యాధిని అదుపులో ఉంచిన హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 అనే జన్యు లక్షణమే ఆమెకు అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందును ప్రాణాంతకం చేయగలదన్నది ఈ కేసులో ముఖ్యాంశం. ఆ లక్షణం బయటపడింది కూడా ఆ మందు రాయవలసి వచ్చినప్పుడే.

భర్త 2001లో ఒక శిబిరంలో రక్తదానం చేశాడు. అప్పుడు హెచ్‌ఐవీ పరీక్ష నెగెటివ్ అని రక్తనిధి ఇచ్చిన కార్డు ఆయన దగ్గర భద్రంగా ఉంది. 2005 చివరలో జ్వరం, దగ్గు, విపరీతమైన బరువు తగ్గుదలతో ఆస్పత్రిలో చేరేనాటికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు, హెచ్‌ఐవీ పాజిటివ్ అయినట్టు తేలింది. హెచ్‌ఐవీ నాశనం చేసే రోగనిరోధక కణాలైన సీడీ4 కణాల సంఖ్య 74. చికిత్స లేకపోతే హెచ్‌ఐవీ సోకిన నాటి నుంచి ఎయిడ్స్ దశకు చేరడానికి సగటున ఎనిమిది నుంచి పదేళ్లు పడుతుంది. ఈయన విషయంలో ఆ కాలం ఐదేళ్లకు మించి ఉండే అవకాశం లేదు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లోనే మొదలై ఉండటం ఆయన అదృష్టం. క్షయ మందులతో కుదుటపడ్డాక స్టావుడిన్, లామివుడిన్, ఎఫవిరెంజ్ అనే హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టగా ఆయన కోలుకున్నాడు.

అదే వారంలో భార్యకు పరీక్ష చేస్తే ఆమెకూ పాజిటివ్ వచ్చింది. వయసు 29. ఏ లక్షణమూ లేదు, బరువు తగ్గలేదు, సీడీ4 738. వారి కూతురికి నెగెటివ్. ఆనాటి నిబంధనల ప్రకారం సీడీ4 200 కంటే తగ్గితేనే మందులు ఇచ్చేవారు. ఆ హద్దు తరువాత 350కి, ఇంకా తరువాత 500కి పెరిగినా, ఆమె లెక్క ఎప్పుడూ హద్దుకు పైనే ఉండేది. ఆరు నెలలకోసారి సీడీ4 చేయించుకుని వెళ్లేది. 2014 వరకు ఆ సంఖ్య 610కి తగ్గలేదు, 810 దాటలేదు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూపే వైరల్ లోడ్ పరీక్ష అప్పట్లో ప్రభుత్వ కేంద్రాల్లో అందరికీ చేసేది కాదు గనుక, 2012లో తొలిసారి, అదీ సొంత ఖర్చుతో, బయటి ల్యాబ్‌లో చేయించారు. మిల్లీలీటరుకు 620 కాపీలు వచ్చింది. మందులు వాడని వ్యక్తిలో 50 లోపు ఉంటే ఎలైట్ కంట్రోలర్ అని, 2,000 లోపు ఉంటే వైరెమిక్ కంట్రోలర్ అని వ్యవహరిస్తారు. ఈమె రెండో కోవకు చెందుతుంది.

ఇటువంటి ఫలితం చూడగానే జన్యువుల వైపు పరుగెత్తకూడదు. మొదట రోగనిర్ధారణే సరైనదా అని చూడాలి. మూడు వేర్వేరు ర్యాపిడ్ పరీక్షలు, వెస్టర్న్ బ్లాట్ అనే నిర్ధారణ పరీక్ష మళ్లీ చేయించాం. అన్నీ హెచ్‌ఐవీ-1నే చూపాయి. హెచ్‌ఐవీ-2 అనే రెండో రకం అయితే వ్యాధి మందకొడిగా నడవడం సహజం, మామూలు వైరల్ లోడ్ పరీక్షకు అది దొరకదు కూడా, కాబట్టి దాన్ని తోసిపుచ్చడం తప్పనిసరి. రహస్యంగా మందులు వాడుతున్నదేమో అన్న ప్రశ్న కూడా అడగవలసిందే. భర్త బిళ్లల్లో కొన్ని భార్య మింగడం మా అనుభవంలో లేని విషయం కాదు. ఆయన బిళ్లల లెక్క ప్రతినెలా సరిపోతూ వచ్చింది.

తరువాతి అనుమానం వైరస్‌ మీద. వైరసే బలహీనమైనదైతే మనిషి ఘనత ఏమీ లేనట్టే. ఆస్ట్రేలియాలో సిడ్నీ రక్తనిధి ఉదంతం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఒకే దాత రక్తం ఎక్కించుకున్న పలువురిలో వ్యాధి చాలా ఏళ్లపాటు ముదరలేదు. వారందరిలోని వైరస్‌లో నెఫ్ అనే జన్యువులో కొంత భాగం ఊడిపోయి ఉందని 1995లో వెల్లడైంది. మా రోగి విషయంలో ఈ వివరణ నిలవదు. భర్త కణాల్లో దాగి ఉన్న వైరల్ డీఎన్‌ఏను, భార్య రక్తంలోని వైరస్‌ను ఒక పరిశోధనశాల సహకారంతో పోల్చి చూసినప్పుడు రెండూ ఒకే కుదురుకు చెందిన సబ్‌టైప్-సి (హెచ్‌ఐవీ-1లోని ఒక ఉపరకం) వైరస్‌లని తేలింది. నెఫ్ జన్యువు చెక్కుచెదరలేదు. ఆయనను ఐదేళ్లలోపే పడగొట్టిన వైరస్ కుటుంబమే ఆమెలో నెమ్మదించిందంటే, తేడా అది చేరిన శరీరంలో ఉందనుకోవాలి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు కూడా 2008లో ఇటువంటి జంటనే వర్ణించారు: ఎయిడ్స్ దశకు చేరిన వ్యక్తి నుంచి వైరస్ పొందిన భాగస్వామి దానిని మందులు లేకుండానే అణచి ఉంచింది.

ఈ పోలిక ఫలితం కుటుంబంలో మరో రకంగా ఉపయోగపడుతుందని కొందరు ఆశించారు. ఆమె ఆరోగ్యంగా ఉండటమే అత్తవారి దృష్టిలో నేరమైంది. "జబ్బు దాని ఒంట్లో అరిగిపోయింది, మావాడికి అంటించింది అదే" అని అత్తగారు కేంద్రంలోనే అన్నారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కాగితం రాసిమ్మని బంధువులు అడిగారు. వైరస్‌ల పోలిక వాటి దగ్గరితనాన్ని చెబుతుందే గానీ, ఈ తరహా పరీక్ష దిశను నిర్ధారించదు. చెప్పగలిగినా చెప్పేవాళ్లం కాదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రాకముందు కూడా గోప్యత వైద్యుడి బాధ్యతే. వారికి ఒక్కటే వివరించాం: సన్నబడకపోవడం పాతజబ్బుకు గుర్తూ కాదు, కొత్తజబ్బుకు గుర్తూ కాదు.

వ్యాధి వేగాన్ని మార్చే వారసత్వ తేడాలలో జనం ఎక్కువగా విన్నది సీసీఆర్5 జన్యువు గురించి. ఆ జన్యువులో 32 అక్షరాల ముక్క లోపిస్తే, హెచ్‌ఐవీ సాధారణంగా కణంలోకి దూరే ద్వారం కణం పైపొర మీదికి చేరదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ లోపమే వస్తే హెచ్‌ఐవీ సోకడం దాదాపు అసాధ్యమని, ఒకరి నుంచే వస్తే వ్యాధి కొంత నెమ్మదిస్తుందని 1996లో తెలిసింది. అటువంటి దాత మూలకణాల మార్పిడి 2007లో బెర్లిన్‌లో జరిగాక తిమోతీ రే బ్రౌన్ హెచ్‌ఐవీ నుంచి విముక్తుడయ్యాడు; యూట్యూబ్‌లో ఆ కథ చూసి వచ్చి ఆ మార్పిడి తమకూ చేయమనే రోగులు మాకు అప్పుడప్పుడూ తగులుతారు. రక్తక్యాన్సర్ కోసం, ప్రాణాన్ని పణంగా పెట్టి చేసిన చికిత్స అదని వారికి చెప్పవలసి వస్తుంది. ఆ లోపం ఉత్తర యూరప్ సంతతిలో ఎక్కువ, భారతీయుల్లో బహు అరుదు. అందుకే ఈమెకు ఆ పరీక్ష చేయించే ఆలోచనే మేము చేయలేదు.

మన రోగులకు ఎక్కువగా వర్తించేది ఆరో క్రోమోజోమ్ మీది హెచ్‌ఎల్‌ఏ జన్యువుల సముదాయం. కణం లోపల తయారవుతున్న ప్రోటీన్లు తునకలైనప్పుడు, ఆ తునకలను పట్టుకుని కణం ఉపరితలం మీద ప్రదర్శించడం హెచ్‌ఎల్‌ఏ అణువుల పని. వైరస్ తునక కనబడితే సీడీ8 అనే సంహారక రోగనిరోధక కణాలు ఆ కణాన్ని చంపుతాయి. ఏ తునకను పట్టుకోవాలో ఆ అణువులోని చిన్న గాడి ఆకారం నిర్ణయిస్తుంది. గాడి ఆకారం మనిషికీ మనిషికీ మారుతుంది. 2010లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో వైరస్‌ను అదుపులో ఉంచుకున్న 974 మందిని, వ్యాధి ముదిరిన 2,648 మందిని మొత్తం జన్యుపటం మీద పోల్చగా, గట్టిగా నిలబడిన తేడాలు 300కు పైగా వచ్చాయి. అవన్నీ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. వాటి వెనుక అసలు కారణంగా తేలినవి హెచ్‌ఎల్‌ఏ-బి గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా 97వ స్థానంలోనిది.

హెచ్‌ఎల్‌ఏ-బి రూపాలను అంకెలతో పిలుస్తారు. వాటిలో 57, 27 రక్షణ ఇచ్చేవి. 35లో కొన్ని ఉపరూపాలు వ్యాధిని తొందరపెట్టేవి. 57కు ఉన్న బలం అది ఎంచుకునే లక్ష్యంలో ఉంది. వైరస్ గర్భంలోని తొడుగును కట్టే గ్యాగ్ ప్రోటీన్‌లో, మార్చుకుంటే వైరస్‌కే నష్టం జరిగే చోట్లను అది పట్టుకుంటుంది. దొరకకుండా తప్పించుకోవాలంటే వైరస్ తన తొడుగునే వికలం చేసుకోవలసి వస్తుంది. పైగా 57 రూపం సహజ హంతక కణాల (మరో రకం రోగనిరోధక కణాల) మీది ఒక గ్రాహకంతో జతకూడి అదనపు మేలు చేస్తుందని కూడా అధ్యయనాలు ఉన్నాయి. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు తల్లి వైపువీ తండ్రి వైపువీ వేర్వేరుగా ఉన్నవారిలో వ్యాధి నెమ్మదిగా నడుస్తుందని, రెండువైపులా ఒకటే అయితే త్వరపడుతుందని 1999లోనే గమనించారు. ఎక్కువ రకాల గాడులుంటే ఎక్కువ రకాల తునకలు పట్టుబడతాయి కాబట్టి అది ఊహించదగినదే. మేనరికాలు ఎక్కువైన మన కుటుంబాలలో ఈ అంశాన్ని విడిగా అధ్యయనం చేయడం అవసరమని నా అభిప్రాయం.

ఇంత తెలిసి ఉండీ 2012లో ఆమెకు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించలేదు. కారణం సూటిగా చెప్పాలి. ఆ ఫలితం వల్ల అప్పటి చికిత్సలో మారేది ఏమీ లేదు, ఖర్చు మాత్రం ఆ కుటుంబానిది. రక్షణ రూపం ఉందన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు కూడా. 2000లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వ్యాధి ముదరని 13 మందిలో 11 మందికి 57లోని ఉపరూపమైన బి 57:01 ఉంది. వ్యాధి ముదిరిన 200 మందిలోనూ 19 మందికి అదే రూపం ఉంది. మొదటి అంకెనే చూసేవారు మోసపోతారు. యూరప్ సంతతికి చెందిన 6,315 మంది మీద 2015లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, రోగుల మధ్య వైరల్ లోడ్ తేడాలలో మనిషి జన్యువులు వివరించగలిగింది సుమారు నాలుగో వంతు.

2014లో వైరల్ లోడ్ 1,150కి, 2017లో 7,900కి పెరిగింది. సీడీ4 540కి దిగింది. సీడీ4 ఎంతున్నా చికిత్స మొదలుపెట్టాలన్న విధానం మన దేశంలో వచ్చింది ఆ ఏడాదే. దానికి ఆధారమైన స్టార్ట్ అధ్యయనం 2015లో 4,685 మందిలో, సీడీ4 500కు పైన ఉన్నప్పుడే మందులు మొదలుపెడితే తీవ్ర అనారోగ్యం, మరణం కలిపి 57 శాతం తగ్గాయని తేల్చింది. ఆమె అంగీకరించలేదు. "నాకేమీ లేనప్పుడు మాత్రలెందుకు సార్?" అన్నది పైకి చెప్పిన మాట. కౌన్సెలర్ ఓపికగా మాట్లాడితే అసలు సంగతి బయటికి వచ్చింది. ఇన్నేళ్లుగా ఆమె భర్తకు తోడుగా వస్తున్నట్టు ఊళ్లో చెప్పుకుంటోంది. తన పేరు మీద మందుల డబ్బా ఇంట్లోకి వస్తే ఆ మాట చెల్లదు. ఈ అభ్యంతరాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక గానీ, ఆమె కోణం నుంచి చూస్తే ఆరోగ్యం ఆమెకు ఇచ్చిన ఏకైక సామాజిక రక్షణ అదే. బలవంతపెట్టకుండా పరీక్షలు కొనసాగించాం. మధ్యలో కోవిడ్ కాలం గడిచింది.

2021 మొదట్లో వచ్చేసరికి సీడీ4 402, వైరల్ లోడ్ 19,000. వైరస్ జన్యుక్రమం మళ్లీ చూస్తే గ్యాగ్ 242వ స్థానంలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆస్పరజిన్ వచ్చింది. భర్త వైరస్‌లో అక్కడ థ్రియోనిన్ అలాగే ఉంది. 57 రూపం ఒత్తిడి నుంచి తప్పించుకునేందుకు హెచ్‌ఐవీ చేసుకునే మార్పులలో బాగా తెలిసినది ఇది. దీనివల్ల వైరస్ పునరుత్పత్తి శక్తి తగ్గుతుంది. అందుకే 57 లేని మనిషికి సోకినప్పుడు వైరస్ క్రమంగా పాత రూపానికే మళ్లుతుంది. కానీ చుట్టుపక్కల మరికొన్ని తోడు మార్పులు చేసుకుంటే పోయిన శక్తిలో కొంత తిరిగి వస్తుంది. ఈమె వైరస్‌లో అటువంటి తోడు మార్పులు కనిపించాయి. ఆమె శరీరం వైరస్‌ను కట్టడి చేసింది గానీ నిర్మూలించలేదు. కట్టడిలో ఉన్న వైరస్ పదహారేళ్లపాటు దారి వెతుక్కుంటూనే ఉంది. వాస్తవానికి ఈ జన్యుక్రమాన్ని చదివేసరికి ఆమె హెచ్‌ఎల్‌ఏ ఫలితం మా చేతిలో ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పాలి.

ఈసారి ఆమె చికిత్సకు ఒప్పుకుంది. అడ్డం వచ్చినది మూత్రపిండం. 2010 నుంచి మధుమేహం ఉంది, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ 1.6, లెక్కించిన వడపోత రేటు నిమిషానికి 39 మిల్లీలీటర్లు, మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువ. కంటి తెరలోనూ మధుమేహ లక్షణాలు ఉన్నందున కిడ్నీ నిపుణులు దీన్ని మధుమేహం వల్ల వచ్చినదిగానే పరిగణించారు. ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి వరుస చికిత్స టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే బిళ్ల. వడపోత 50 లోపు పడినవారికి ఆ టెనోఫోవిర్ తగదు. ప్రత్యామ్నాయంగా ముందు గుర్తొచ్చేది మూత్రపిండానికి హాని చేయని అబాకవిర్.

అబాకవిర్ వాడినవారిలో కొందరికి, ఎక్కువగా మొదటి ఆరు వారాల్లో, జ్వరం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం కలిసిన తీవ్ర ప్రతిచర్య వస్తుంది. ఆపి మళ్లీ మొదలుపెడితే గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఈ ప్రతిచర్యకు హెచ్‌ఎల్‌ఏ-బి 57:01తో సంబంధం ఉందని 2002లో తెలిసింది. 2008లో వెలువడిన ప్రిడిక్ట్-1 అధ్యయనంలో, ముందే పరీక్షించి ఈ రూపం ఉన్నవారికి మందు ఇవ్వకుండా ఆపిన వర్గంలో చర్మపరీక్షతో నిర్ధారితమైన ప్రతిచర్య ఒక్కటీ రాలేదు; పరీక్షించని వర్గంలో 2.7 శాతం మందికి వచ్చింది. మన దగ్గర చాలా ఏఆర్‌టీ కేంద్రాల్లో ఈ పరీక్ష దొరకదు. లక్షణాలను కనిపెట్టి చూడటం మీదే ఆధారపడుతున్నాం. అందరి విషయంలో సాధ్యం కాకపోయినా, మందులు లేకుండా ఏళ్ల తరబడి వైరస్‌ను తొక్కిపెట్టిన మనిషికి అబాకవిర్ రాసేముందు ఈ పరీక్ష అడగకపోవడం సమర్థనీయం కాదు. అటువంటి వారిలోనే ఈ రూపం దొరికే సంభావ్యత ఎక్కువ. బయటి ల్యాబ్‌లో చేయించాం. పాజిటివ్ వచ్చింది.

హెచ్‌ఐవీ నుంచి రక్షణకూ, అబాకవిర్ ప్రమాదానికీ మూలం ఒకే గాడి. 2012లో వెలువడిన నిర్మాణ అధ్యయనాలు చూపినదేమిటంటే, అబాకవిర్ అణువు సరిగ్గా బి 57:01 గాడి అడుగున ఇరుక్కుని, అది పట్టుకునే తునకల రకాన్నే మార్చేస్తుంది. అప్పుడు శరీరానికి చెందిన సొంత తునకలు కొత్తవిగా కనబడి సీడీ8 కణాలు వాటి మీద విరుచుకుపడతాయి. వైరస్ గ్యాగ్ తునకను పట్టి ఇచ్చి ఆమెను ఇన్నేళ్లు కాచిన అణువే, ఆ మందు సమక్షంలో ఆమె కణాలనే శత్రువులుగా చూపిస్తుంది. బి 57:01కు అతి దగ్గరి రూపాలైన 57:03, 58:01 వంటివి హెచ్‌ఐవీ మీద రక్షణ ఇస్తాయి గానీ అబాకవిర్ ప్రతిచర్యను తేవు. కాబట్టి నివేదికలో కేవలం బి 57 అని ఉంటే సరిపోదు, చివరి రెండంకెలు కూడా చూడాలి.

హెపటైటిస్-బి లేదని, మందుల నిరోధకత లేదని నిర్ధారించుకుని, టెనోఫోవిర్, అబాకవిర్ రెండూ లేకుండా డోలుటెగ్రావిర్, లామివుడిన్ జంటను ఎంచుకున్నాం. రక్తహీనత కలిగించగల జిడోవుడిన్ పరిశీలనకు వచ్చింది గానీ హీమోగ్లోబిన్ 9.4 ఉన్న కిడ్నీ రోగికి దాన్ని ఇవ్వడానికి మనసొప్పలేదు. లామివుడిన్ పూర్తి మోతాదా, సగమా అన్న చర్చ కిడ్నీ నిపుణులతో జరిగింది. వడపోత 30కి పైన ఉన్నంతకాలం పూర్తి మోతాదు ఇచ్చి గమనించాలని నిర్ణయించాం. డోలుటెగ్రావిర్ మెట్‌ఫార్మిన్ స్థాయిని పెంచుతుంది కాబట్టి మెట్‌ఫార్మిన్ తగ్గించి, చక్కెర అదుపు చూసుకున్నాం. మొదటి నెలలో క్రియాటినిన్ 1.6 నుంచి 1.75కి పెరిగి అక్కడే ఆగింది. మూత్రనాళికల నుంచి క్రియాటినిన్ విసర్జనను ఈ మందు అడ్డుకోవడం వల్ల వచ్చే పెరుగుదల ఇది, వడపోత నిజంగా పడిపోయినట్టు కాదు. ఈ సంగతి ముందే రాసిపెట్టకపోతే వేరే ఆస్పత్రిలో ఎవరో భయపడి మందు ఆపేస్తారు. ఆరు నెలలకు వైరల్ లోడ్ గుర్తించలేని స్థాయికి వచ్చింది. ఏడాదికి సీడీ4 588.

భర్త హెచ్‌ఎల్‌ఏ కూడా పరిశోధనశాల వారు చూశారు. ఒకవైపు బి 35:03 ఉంది. ఆయన త్వరగా కుంగిపోవడానికి అదే కారణమని రాయడానికి నేను సిద్ధంగా లేను. 35లోని కొన్ని ఉపరూపాల చెడ్డపేరు ప్రధానంగా సబ్‌టైప్-బి వైరస్ ఉన్న, యూరప్ సంతతికి చెందిన రోగుల నుంచి వచ్చినది. సబ్‌టైప్-సి ఉన్న తెలుగువాడికి దాన్ని యథాతథంగా అంటగట్టలేము. పైగా క్షయ ఎప్పుడు మొదలైందో, అది సీడీ4ను ఎంత లాగిందో చెప్పే ఆధారం లేదు.

అప్పటికి పెళ్లీడుకొచ్చిన కూతురు, తనకూ తల్లి జన్యువు వచ్చిందా, పరీక్ష చేయించుకోవాలా అని అడిగింది. రావడానికి సగం అవకాశం ఉంది. ఆమెకు హెచ్‌ఐవీ లేదు. ఆ జన్యువు ఉన్నా అది సంక్రమణను ఆపదు, కాబట్టి అది ఉందని తెలిస్తే కలిగే ధైర్యం తప్పుడు ధైర్యమే అవుతుంది. ఎప్పుడైనా అబాకవిర్ వాడవలసి వస్తే అప్పుడు పరీక్షించుకుంటే చాలని చెప్పాం. తల్లికి మాత్రం చికిత్స పుస్తకం అట్ట మీదే "అబాకవిర్ ఇవ్వరాదు, హెచ్‌ఎల్‌ఏ-బి 57:01 పాజిటివ్" అని ఎర్ర సిరాతో రాశాం. ఇదే రూపం ఉన్నవారిలో ఫ్లూక్లాక్సాసిలిన్ అనే యాంటీబయాటిక్ వల్ల కాలేయం దెబ్బతినే అవకాశం ఎక్కువ గనుక ఆ మందు పేరు కూడా చేర్చాం.

ప్రస్తుతం మా జాగ్రత్త అంతా ఇంటి అలమర మీద ఉంది. భర్త వాడేది టెనోఫోవిర్ ఉన్న కలగలుపు బిళ్ల, భార్యది అది లేని జంట. ప్రయాణాల్లో ఒకరి డబ్బా మరచిపోతే రెండోవారి బిళ్లతో సరిపెట్టుకోవడం ఇటువంటి ఇళ్లలో మామూలు. ఆమెకు ఆ ఒక్క పని చేయవద్దని ప్రతి సందర్శనలోనూ చెబుతున్నాం, రెండు డబ్బాల మూతలకు వేర్వేరు రంగుల కాగితం అంటించి ఇస్తున్నాం, మూడు నెలలకోసారి క్రియాటినిన్, ఆరు నెలలకోసారి వైరల్ లోడ్ చూస్తున్నాం.